ఏడో అడ్డతాడు

శనివారం, మధ్యాహ్నం మూడూ యాభై

మీరు చెప్పింది తప్పు. "ఓడంటే నీళ్ళ మీద తేలే హోటలే కదా, అక్కడ నీకు తిట్టడానికి ఏమీ దొరకదు" అన్నారు నిన్న, కట్టు కట్టిన కాలు స్టూలు మీద జాపుకుని, మహారాజులాగా. దొరికింది. ఎక్కిన పదకొండు నిమిషాలకే దొరికింది. గడియారం చూసి మరీ రాస్తున్నాను.

ఒకటి, ఫోన్లు తీసేసుకున్నారు. మెట్ల దగ్గర ఒక అమ్మాయి చెక్కపెట్టె పట్టుకుని నిలబడింది. మొహంలో పళ్ళు తప్ప ఇంకేమీ కనిపించనంత నవ్వు. "ఐదు రోజులు సముద్రంతో మాట్లాడండి మేడమ్" అంది. సముద్రం బదులు చెప్పదమ్మా, మా ఆయన చెబుతాడు, అదీ అడిగినదానికి కాదు, అన్నాను. దానికీ నవ్వింది. ఆ పిల్లకి నవ్వులమ్మ అని పేరు పెట్టేశాను.

అంచేత ఈ పుస్తకం. నలభై ఏడేళ్ళ కాపురంలో మిమ్మల్ని ఒక్క పూటైనా తిట్టకుండా ఉన్నది లేదు. ఆ వ్రతభంగం ఈ వయసులో ఎందుకని తిట్లన్నీ ఇందులో దాస్తున్నాను. మీరు దీన్ని చదవరు. చదవబోయినా నా దస్తూరీ మీకు కొరుకుడు పడదు. ఇది నాకోసమే.

ముప్ఫై ఒక్క ఏళ్ళు తాళ్ళ ఫ్యాక్టరీ పరీక్షగదిలో పనిచేసి నేను ఇంటికి తెచ్చుకున్నది ఇలాంటి ఖాళీ రిజిస్టర్లు రెండు. ప్రతి పేజీలోనూ గళ్ళు ఉన్నాయి: చుట్ట నంబరు, మందం, ఎంత బరువుకి తెగింది, వ్యాఖ్య. ఈ ప్రయాణం మొత్తం వ్యాఖ్య గడిలోకే వచ్చేలా ఉంది.

రెండు, మీ అబ్బాయి. (మంచిపని చేసిన రోజున నా కొడుకు, ఈరోజు మీ అబ్బాయి.) కౌంటర్లో నా ఫారం నన్నడగకుండా వాడే నింపాడు. వాడి భుజం మీద నుంచి చదివాను. వృత్తి: గృహిణి. ఆరోగ్యం: బాగుంది, త్వరగా కంగారుపడతారు. నేను కంగారుపడతానట! మీరు స్కూటరు మీద నుంచి పడ్డ రోజు ఆస్పత్రిలో కళ్ళు తిరిగి పడింది ఎవరు? ఆ మహానుభావుడే. వాడికి సెలైన్ ఎక్కిస్తే పక్కన కూర్చుని విసిరింది నేను.

"వృత్తి గృహిణేమిట్రా?" అన్నాను.

"ఇప్పుడు చేస్తున్నదే రాయాలమ్మా."

"అయితే నీ గడిలో నిద్ర అని రాసుకో."

కోడలు పక్కకి తిరిగి దగ్గింది. అది దగ్గు కాదని నాకు తెలుసు. మంచి పిల్ల, కానీ దాని నవ్వుకి ఎప్పుడూ జలుబు చేసి ఉంటుంది.

ఫారంలో ఆ మాట పుణ్యమా అని నా మణికట్టుకి పసుపుపచ్చ పట్టీ కట్టారు. కుర్రకారుకి నీలం, పిల్లలకి ఎరుపు. పసుపు అంటే ఏమిటమ్మా అని నవ్వులమ్మని అడిగితే, "మీకు ప్రత్యేక శ్రద్ధ మేడమ్" అంది. పట్టీ వెనక చిన్న అక్షరాల్లో అసలు సంగతి ఉంది: తాళ్ళ దగ్గరికి, నిటారు మెట్ల దగ్గరికి రానీయరాదు.

నన్ను. తాళ్ళ దగ్గరికి.

నాలుగుంపావు

క్యాబిన్ మన బీరువా అంత ఉంది. బీరువాలో కనీసం కర్పూరం వాసన వస్తుంది.

నాలుగూ నలభై

ఓడ అందంగా లేదని అనను. మూడు కొయ్యలు, ఒక్కొక్కటీ ఐదంతస్తుల ఎత్తు. చుట్టిపెట్టిన తెరచాపలు తలపాగాల్లా ఉన్నాయి. ఇటూ అటూ నిలువు తాళ్ళు కిందికి దిగి ఓడ అంచుల్లో బిగిశాయి. వాటికి అడ్డంగా అడుగుకొకటి చొప్పున సన్నటి తాళ్ళు కట్టారు. అదే నిచ్చెన. చేతులు నిలువు తాళ్ళ మీద, కాళ్ళు అడ్డతాళ్ళ మీద పెట్టి ఎక్కాలి. నిలువువి లోపల ఇనుపతీగ, పైన నార చుట్టినవి. అడ్డతాళ్ళు మాత్రం అచ్చంగా నారతో పేనినవే. అంత సన్నని తాడు మీద మనిషి బరువంతా పడుతుంది. ఇవన్నీ దూరం నుంచే చూశాను. ఒక పసుపు గీత ఉంది, పసుపు పట్టీలవాళ్ళు దాన్ని దాటకూడదు.

కెప్టెన్ వచ్చాడు. తెల్లగడ్డం, ఆ గడ్డానికి అద్దెకి తెచ్చినట్టు గంభీరమైన గొంతు. ఈ ఓడకి ఒక ఆచారం ఉందట. సీజన్లో మొదటి ప్రయాణం, మొదటి సాయంత్రం, తెరచాప విప్పే ముందు, ప్రయాణికుల్లో ఒకరు ఎడమవైపు తాళ్ళ నిచ్చెన మీదుగా కొయ్య మీది మొదటి మంచె దాకా ఎక్కి, అక్కడున్న ఇత్తడి గంట మూడుసార్లు కొట్టాలి. నలభై అడుగుల ఎత్తు. నీలం పట్టీలవాళ్ళ పేర్లు టోపీలో వేసి ఒక చీటీ తీశారు.

మిడత పేరు వచ్చింది.

మన మనవరాలికి ఆ పేరు పెట్టింది మీరే. నడవడం రాకముందే గెంతింది కాబట్టి. పదిహేడేళ్ళొచ్చినా ఇప్పుడూ గెంతింది. "నానమ్మా, నేనే! నేనే!" అని నా రెండు బుగ్గలూ పట్టుకుని ఊపింది. ఆరూ పదికి సూర్యాస్తమయం. ఆరింటికి ఎక్కుతుంది.

అందరూ చప్పట్లు కొడుతుంటే నేను గీత దాటాను. పొరపాటున కాదు.

ఆ నిచ్చెన కింద డెక్కు మీద నల్లటి పెచ్చులు రాలి ఉన్నాయి. రంగు పెచ్చులు. వంగి ఒకటి వేలితో నలిపాను. రంగుకి అంటుకుని గోధుమరంగు పొడి, నశ్యంలాంటిది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. తడిసి ఆరని గోనెసంచి వాసన.

మీకు తాళ్ళ గురించి నేను ఎంత చెప్పినా మీరు పేపరు చదువుకుంటూ ఊఁ కొట్టారు కాబట్టి మళ్ళీ రాస్తున్నాను. నార చచ్చిపోయేది లోపలి నుంచి. పైన నిగనిగలాడుతూనే ఉంటుంది. దాని మీద దళసరిగా రంగు వేశారా, లోపలి చెమ్మ బయటికి పోయే దారి లేక ఇంకా త్వరగా కుళ్ళుతుంది. పైన పటారం లోన లొటారం అనే మాట పుట్టించినవాడు తప్పకుండా తాళ్ళ పరీక్షగదిలో పనిచేసి ఉంటాడు.

అక్కడే ఒకతను కూర్చుని తాడు కొస ముడేస్తున్నాడు. యాభై దాటినవాడు, అరచేతులు చెప్పు అడుగుల్లా ఉన్నాయి. ఓడలో తాళ్ళన్నిటికీ అతనే మేస్త్రి. అల్లిక చూశాను, చెయ్యి మంచిదే.

"ఈ అడ్డతాళ్ళు ఎప్పుడు మార్చారు మేస్త్రీ?"

"బావున్నాయి అమ్మగారూ, మొన్ననే రంగేశాం."

"నేనడిగింది రంగు గురించి కాదు."

తల ఎత్తలేదు. "పైవాళ్ళనడగండమ్మా. నాకు మారుస్తామన్నారు. వచ్చే నెలకి."

"ఈ మెట్ల మీద మీరు రోజూ ఎక్కుతున్నారా?"

"మేం కుడివైపు ఎక్కుతామండీ. ఎడమవైపు ఈ గంట కోసమే, ఏడాదికోసారి."

"పిల్ల నడుముకి ఆధారం?"

"పట్టీ ఉంటుంది, కొక్కెం ఉంటుంది. మంచె చేరగానే కడ్డీకి తగిలిస్తుంది."

"మంచె చేరేదాకా?"

"చేరేదాకా చేతులే అమ్మగారూ."

ఈలోగా నవ్వులమ్మ వచ్చి నా మోచెయ్యి పట్టుకుని, పింగాణీ గిన్నెని జరిపినట్టు నన్ను గీత ఇవతలికి జరిపింది.

ఐదు

మీ అబ్బాయికి చెప్పాను. చేతిరుమాలు విప్పి ఆ పొడి చూపించాను.

"అమ్మా, దుమ్మమ్మా."

"దుమ్ముకి నార ఉంటుందా?"

"అమ్మా, ప్లీజ్. వీళ్ళకి లైసెన్సుంది, తనిఖీలుంటాయి, కెప్టెన్ పాతికేళ్ళ నుంచి ఇదే పని. నువ్వు ఒక్క చూపులో కనిపెట్టేశావా?"

"ఒక్క చూపులో కాదు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో."

"నువ్వు బట్టలారేసే తీగ కింద కూడా నడవనివ్వవు. లిఫ్టెక్కవు. అపార్టుమెంటు పిల్లలు తాడాట ఆడుకుంటుంటే వెళ్ళి తాడు లాక్కుని చూశావు. తాడు కనబడితే నీకు పామే. ఇవాళ ఒక్కరోజు దాన్ని సంతోషంగా ఉండనీ. దాని చిన్నప్పుడు..."

అక్కడ ఆగాడు. ఆగినందుకు మెచ్చుకోవాలి. కానీ ఆ ఆగడం కంటే మాట అనేసినా బావుండేది.

"అత్తయ్యా, టీ తాగుతారా?" అంది కోడలు.

కొంప మీదికి వచ్చినప్పుడు మన ఇంట్లో ఎవరో ఒకరు టీ అడుగుతారు. నేను తాడుని చూసి పాము అనుకునే మనిషిని కాను. తాడుని చూసి తాడే అనుకుంటాను. చచ్చిన తాడుని చచ్చిన తాడంటాను. ఈ ఓడలో ఆ తేడా తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, నా చేతికి పసుపు పట్టీ!

ఐదూ పది

నా ఫ్యాక్టరీ రోజుల నాటి, ఆ గోడలకి రంగులు వేసే అతని సంగతి ఇక్కడ రాయను.

ఐదుంపావు

మళ్ళీ గీత దాటాను. ఈసారి ఎవరూ చూడలేదు, అందరూ టీ దగ్గర ఉన్నారు. అన్నిటికంటే కింది అడ్డతాడు అందుకుని బొటనవేలు పాయల మధ్య నొక్కాను.

బిగువుగా ఉంది. బతికే ఉంది. నొక్కితే వేలిని వెనక్కి తోసింది.

రెండోదీ అంతే.

క్యాబిన్‌కి వచ్చి కూర్చున్నాను. ఎవరూ చదవని పుస్తకంలో అబద్ధం రాయడం దేనికి? ఇది కోపం కాదు, భయం.

మిడతకి నాలుగేళ్ళప్పుడు మీరు వరండాలో ఉయ్యాల కట్టారు. బల్ల మీరే చిత్రిక పట్టారు. అది మొదటిసారి ఎక్కి కాళ్ళు రెండూ పైకి జాపిన క్షణాన నేను వెళ్ళి పట్టి ఆపాను. తాడు కుళ్ళిందన్నాను. లోపల నార చచ్చిందన్నాను. మీరందరూ నమ్మారు, నేను పరీక్షాధికారిని కదా! అది వారం రోజులు ఏడ్చింది. బల్ల అటకెక్కింది.

ఆ తాడుని ఆ మర్నాడే సంచిలో పెట్టుకుని పరీక్షగదికి తీసుకెళ్ళాను. యంత్రానికి తగిలించాను. పదకొండుమంది పెద్దవాళ్ళ బరువుకి గాని తెగలేదు. చక్కటి తాడు. నేను నా చేతులతో పాస్ చేసిన తాళ్ళలో అంత మంచిది అరుదు.

ఎవరికీ చెప్పలేదు. తాడు ఎంత గట్టిదో తెలియాలంటే దాన్ని తెంపాలి, తెంపాక అది ఉండదు. మళ్ళీ కట్టడానికి ఏముంది, అనుకున్నాను. బజార్లో తాళ్ళు దొరకనట్టు!

ఇప్పుడు కింది రెండూ బావున్నాయి. ఇదీ ఉయ్యాలేనా?

కానీ ఆ పొడి? పొడి ఎక్కడి నుంచి వచ్చింది?

ఐదూ నలభై

మిడతని క్యాబిన్‌కి పిలిచాను. నడుముకి పట్టీ బిగించుకుని వచ్చింది. జుట్టు గట్టిగా ముడేసుకుంది. నా జడపిన్నులే పెట్టుకుంది, అడగకుండా.

"ఎక్కొద్దు" అన్నాను.

"నాన్న చెప్పాడు నువ్వు అంటావని. నానమ్మా, నా ఉయ్యాల తాడు కూడా కుళ్ళిందన్నావు నువ్వు. నేను స్కూల్లో కూడా ఎప్పుడూ ఉయ్యాల ఎక్కలేదు తెలుసా? తెగుతుందేమోనని. అందరూ ఊగుతుంటే నేను లెక్క పెట్టేదాన్ని, ఎవరు ఎన్నిసార్లని. ఇవాళ భయపడదలుచుకోలేదు."

ఇది నాకు తెలియదు. పదమూడేళ్ళు తెలియదు. పిల్ల ఉయ్యాలెక్కదు, బుద్ధిమంతురాలు, అనుకున్నాను.

చెప్పేశాను. తాడు మంచిదేనని. తెంపి చూశానని. తెలిసీ నోరు మూసుకున్నానని.

"మరి ఎందుకు?"

"అంతకు నెల ముందు, నా ముద్ర ఉన్న తాడు తెగి ఒక మనిషి నాలుగో అంతస్తు నుంచి పడ్డాడు. గోడలకి రంగులు వేసే అతను. ఆ తరవాత నాకు ఏ తాడు మీదా ఏ మనిషినీ చూసే ధైర్యం లేకపోయింది. నిన్ను అసలే లేదు."

"చనిపోయాడా?"

"లేదు. రెండేళ్ళకి కర్రతో నడిచాడు."

"మరి ఇప్పుడు కూడా అదే భయం కాదని నువ్వెలా చెప్పగలవు?"

"చెప్పలేను. అందుకే ఎక్కొద్దని కాదు, ముందు పురి విప్పి లోపల చూడనివ్వమంటున్నాను. అన్నీ బావుంటే ఎక్కు. నేను కింద నిలబడి చప్పట్లు కొడతాను."

"నువ్వా? చప్పట్లా?"

వెళ్ళిపోయింది. తలుపు మెల్లగా వేసింది. దభాలున వేసి ఉంటే బావుండేది.

రాత్రి ఏడున్నర, భోజనాలయ్యాక

వరసగా రాస్తాను. లేకపోతే రేపటికి నేనే దీన్ని అందంగా మార్చేస్తాను.

ఆరింటికి అందరూ డెక్కు మీద చేరారు. సూర్యుడు కొయ్యల మధ్య వేలాడుతున్నాడు. కెప్టెన్ ఆచారం గురించి ప్రసంగించాడు, అందులో సంప్రదాయం అనే మాట ఆరుసార్లు వచ్చింది. నేను గీత మీద నిలబడ్డాను, అటూ కాదు ఇటూ కాదు. తాడో పేడో తేలే చోట మనిషి ఇంకెక్కడ నిలబడుతుంది?

మిడత ఓడ అంచు మీద కాలు పెట్టింది. నిలువు తాళ్ళు రెండు చేతులా పట్టుకుంది. రెండో కాలు ఎత్తలేదు.

"కెప్టెన్ గారూ, ముందు మా నానమ్మ ఈ తాళ్ళు విప్పి చూడాలి" అంది.

కెప్టెన్ గడ్డంలో నవ్వాడు. "ఎందుకమ్మా?"

"ఆవిడ పని అది. తాళ్ళ ఫ్యాక్టరీలో పరీక్షాధికారి. ఫారంలో గృహిణి అని ఉంది గానీ, అది నాన్న తప్పు."

మీ అబ్బాయి మొహం చూడాల్సింది మీరు. కోడలికి మళ్ళీ దగ్గొచ్చింది.

నేను గీత దాటాను. నవ్వులమ్మ మోచేతి దాకా వచ్చి, ఎందుకో ఆగిపోయింది. మిడత వంగి తన జుట్టులోంచి ఒక పిన్ను తీసి నా చేతిలో పెట్టింది.

మొదటి అడ్డతాడు: పిన్ను పాయల మధ్య గుచ్చి, తిప్పి విప్పాను. లోపల బంగారంలాంటి నార. మంచిది. రెండోది, మంచిది. మూడోది, మంచిది. వెనక ఎవరో ముసిముసిగా నవ్వారు. "అమ్మా, చాలమ్మా, అందరూ చూస్తున్నారు" అన్నాడు మీ అబ్బాయి, పళ్ళ సందుల్లోంచి. కెప్టెన్ ఎంతో మర్యాదగా, "తృప్తి కలిగిందా అమ్మగారూ?" అన్నాడు. ఆ మర్యాదని ఉప్పులో ఊరేసి వాడికే వడ్డించాలనిపించింది.

ఉయ్యాలే ఇది, అనుకున్నాను. ముసలిదానా, మళ్ళీ ఉయ్యాలే.

అప్పుడు కనిపించింది. మూడో తాడు ముడి కింద నారకి రంగంటలేదు, కొత్త నార. నాలుగోదాని ముడి పాతది. రంగు కింద పాత రంగు, దాని కింద ఇంకో రంగు.

"మేస్త్రీ," అన్నాను. "ఈ కింది మూడే మార్చారా?"

అతను తల దించుకున్నాడు. అందరూ అతన్నే చూస్తున్నారు.

"మార్చామండీ. జనం ఎక్కి ఫోటోలు దిగేది ఆ మూడింటి మీదే. కొత్త తాడు ఇచ్చింది అంతవరకే."

ఫోటోలో పడే మూడింటికి కొత్త తాడు! మనుషులు ఎక్కే మిగతావాటికి నల్లరంగు! ఇలాంటి బుద్ధి పుట్టినవాడిని ఆ మిగతావాటి మీదే కూర్చోబెట్టి గంట కొట్టించాలి.

"నాలుగో దాని నుంచి నా చెయ్యి అందదు. విప్పి చూడు."

కెప్టెన్ ఏదో అనబోయాడు. మేస్త్రి అప్పటికే మిడతని మెల్లగా డెక్కు మీదికి దించి, తను ఎక్కుతున్నాడు. కాళ్ళు అడ్డతాళ్ళ మీద మోపలేదు, నిలువు తాళ్ళకి పెనవేసి పాకాడు. ఆ పాకడంలోనే అతనికి సంగతి తెలుసని నాకర్థమైంది. నాలుగు, ఐదు, ఆరు వదిలేసి ఏడోదాని దగ్గర ఆగాడు. అక్కడ ముడి పక్కన వానచుక్క నిలిచే వంపు ఉంది. నడుముకున్న, పురి విప్పే ఇనుపమేకు తీసి పాయల మధ్య పెట్టాడు. తిప్పనక్కర్లేకపోయింది.

పొడి రాలింది. నా కళ్ళద్దాల మీద, మిడత జుట్టు మీద, కెప్టెన్ తెల్లటి భుజాల మీద, నశ్యంలాంటి గోధుమరంగు పొడి. తరవాత అతను ఎనిమిదోదాన్ని మడమతో ఒక్క తాపు తన్నాడు. టప్పుమని కూడా అనలేదు. పుచ్చిన తాడు చప్పుడు చెయ్యదు. ఒక కొస జారి గాలిలో ఊగింది.

నవ్వులమ్మ నవ్వు ఆగింది, అప్పుడు చూశాను, మంచి మొహమే.

మేస్త్రి దిగాడు. నేను నోరు తెరిచాను. విప్పి చూడకుండా రంగెలా వేశావురా, అన్న మాట నాలిక కొస దాకా వచ్చింది.

అక్కడి నుంచి వెనక్కి వెళ్ళింది.

రాయనన్నాను గానీ రాస్తున్నాను. విచారణలో ఆ రంగులు వేసే అతని తాడు గోదాములో యాసిడ్ డబ్బాల పక్కన పెట్టడం వల్ల పాడైందని, ఫ్యాక్టరీ తప్పేమీ లేదని తేల్చారు. ఆ కాగితం మీరు ఫైల్లో భద్రంగా పెట్టారు. కాగితానికి తెలియనిది ఒకటుంది. ప్రతి చుట్టనీ ఒకచోట పురి విప్పి చూడాలని నియమం. ఆ నియమం నేనే పెట్టాను. అతని తాడు పరీక్షకొచ్చిన రోజు శుక్రవారం, సాయంత్రం, అరవై చుట్టలు, ఇంటికి వెళ్ళే తొందర. చివరి పన్నెండు నేను విప్పలేదు. పైన చూసి ముద్ర వేశాను. అతని తాడు ఆ పన్నెండులోది. విప్పి ఉంటే ఏం కనిపించేదో నాకు తెలియదు. ఏమీ కనిపించేది కాదేమో. పదమూడేళ్ళుగా తెలియదు.

అందుకని మేస్త్రితో, "రేపు మార్చాలి, అన్నీ" అని మాత్రం అన్నాను.

"మారుస్తానమ్మగారూ."

"పైవాళ్ళు వద్దంటే?"

కెప్టెన్ టోపీ తీశాడు. భుజాల మీద పొడి దులుపుకోలేదు, అందుకని కాస్త క్షమించాను. "అనరండి," అన్నాడు. "ఇప్పుడే రేడియోలో మాట్లాడతాను. కొత్త తాడు వచ్చేదాకా ఓడ లంగరు ఎత్తదు." ఈసారి గొంతు అద్దెది కాదు.

గంట? మేస్త్రి కుడివైపు నుంచి ఎక్కి గంటనే ఊడదీసి కిందికి తెచ్చాడు. మిడత డెక్కు మీద నిలబడి మూడుసార్లు కొట్టింది. నేను చప్పట్లు కొట్టాను. మాటంటే మాటే.

భోజనం దగ్గర నా కొడుకు పక్కకి వచ్చి నిలబడ్డాడు. క్షమించమని అడగడం వాడికి చేతకాదు, మీ పోలిక. "అమ్మా, నీళ్ళు తాగావా?" అన్నాడు. తాగానన్నాను. "ఇంకొంచెం తాగు" అన్నాడు. తాగాను. పోనీ పాపం.

మిడత మాత్రం ఇంకా మాట్లాడలేదు. తాడు విషయంలో నన్ను నమ్మింది. ఉయ్యాల విషయంలో క్షమించలేదు. ఒకటి చేశాక రెండోది తప్పనిసరి కాదు, నాకు తెలుసు.

ఆదివారం, ఉదయం తొమ్మిదిన్నర

పసుపు పట్టీ నిన్ననే కత్తిరించేశాను. నవ్వులమ్మే కత్తెర తెచ్చిచ్చింది.

ఏడింటి నుంచి డెక్కు మీద కూర్చున్నాం, మేస్త్రి, నేను. ఎడమవైపువి పాతవి ముప్ఫై నాలుగు కోసేశాడు. అందులో పంతొమ్మిది పొడి. పదిహేను బతికున్నవే, కానీ ఏది ఏదో పైన చూసి చెప్పలేకపోయాం. ఇద్దరం. అది అతనితో అన్నాను. "ముప్ఫైయేళ్ళ సర్వీసుండీ రంగేసి ఊరుకున్నానమ్మగారూ" అన్నాడు. అప్పుడు ఆ పన్నెండు చుట్టల సంగతి అతనికి చెప్పాను. మొగుడికి చెప్పనిది ముక్కూమొహం తెలియని మనిషికి! అతను ఓదార్చలేదు. చేతిలో పని ఆపలేదు. కాసేపటికి, "ఈ కొసలు మీరు విప్పి చూస్తారా?" అని తాడు నా ఒళ్ళో పెట్టాడు.

ఎనిమిదింటికి మిడత వచ్చింది. నా పక్కన కాదు, ఎదురుగా కూర్చుంది. నా చేతులు చూస్తూ, "ఎలా విప్పుతావు?" అంది. చూపించాను. జడపిన్నుతో దాని వేలు గుచ్చుకుంది. "దీనికో పనిముట్టు ఉండాలి కదా నానమ్మా?" ఉండాలి. ఉంది. "ఎక్కడ?"

"ఇంట్లో."

"మరి నా ఉయ్యాల బల్ల?"

"అదీ ఇంట్లోనే."

అది తాడు చివర ముడి వేసి, ముడిని రెండుసార్లు లాగి చూసింది. అలా లాగి చూడడం దానికి ఎవరు నేర్పారో నాకు తెలియదు.

పై పేజీలన్నీ నావి. ఇక్కడి నుంచి మీకు. మీకు కొరుకుడు పడేలా పెద్ద అక్షరాల్లో చీటీ మీదకి ఎత్తి రాసి, పదింటికి కొత్త తాడు తెచ్చే పడవవాడి చేతికిస్తాను. వాడు రేపు సాయంత్రం మళ్ళీ వస్తాడు.

వంటింటి పైఅరలో, మనం ఎప్పుడూ వాడని పెద్ద గిన్నెలో, పాత జాకెట్టు గుడ్డలో చుట్టి నా కొయ్యమేకు ఉంది, పురి విప్పేది. అది పారేశానని మీకు చెప్పాను, పారేయలేదు. గుడ్డ విప్పకుండా అలాగే పడవవాడికి ఇవ్వండి. రెండోది, అటక మీద, పాత పరుపు వెనక ఉయ్యాల బల్ల ఉంది. మీరు ఎక్కకండి, ఆ కాలితో వీరంగం వద్దు, పక్కింటాయన్ని ఎక్కమనండి. నిచ్చెన మూడో మెట్టు వదులు, ముందే చెప్పండి. బల్ల దించి తడిగుడ్డతో తుడిచి రెండు రోజులు నీడలో ఆరబెట్టండి, ఎండలో పెడితే పగులుతుంది. మేకులేమైనా పైకి లేచాయేమో చేత్తో తడిమి చూడండి. తాడు మాత్రం మీరు వెతక్కండి. అది నేను విప్పి చూసి తెస్తాను.